గృహవిజ్ఞానము: ప్రాత కెమేరా, క్రొత్త కార్డు



గత మాసమున ఈ పుటలో జరీచీరలను మడతలు మార్చి దాచుకొను విధమును గూర్చి ముచ్చటించుకొంటిమి. ఈ మాసమునను దాచుకొనవలసిన వస్తువును గూర్చియే వ్రాయదలచితిమి. కాని యిది చీరవలె పెట్టెనిండునది కాదు. తపాలాబిళ్ళయంత పలుచని పలక, కెమేరాలో నుండు మెమొరీ కార్డు. మన పిల్లల బారసాలలు, అక్షరాభ్యాసములు, ఆడపడుచుల పెండ్లిండ్లు నేడు ఈ పలకలలోనే నిలిచియున్నవి. వంటయింటి సామానును గూర్చి మనకున్నంత తెలివి దీనిని గూర్చి లేకున్నచో నష్టపడునది మనమే. అట్టి నష్టము మా వాకిటివరకు వచ్చి వెనుదిరిగినది. మొదట ఆ సంగతి చెప్పి, పిమ్మట అందలి మర్మమును విప్పెదము.

ఈ యేడు భోగిపండుగకు ముందు అటక దులుపుచుండగా ఇత్తడి బిందెల వెనుక ఒక తోలుసంచి దొరకినది. అందొక చిన్న డిజిటల్ కెమేరా యున్నది. 2005వ సంవత్సరమున మా బావగారు దానిని కొని మా మామగారి కిచ్చిరట. మా అత్తగారు 2008లో స్వర్గస్థులైరి. అటుపిమ్మట దానిని ముట్టినవారు లేరు. మేము కాపురమునకు వచ్చునాటికే ఆమె లేరు. గోడమీద దండ వేసిన పటమే మే మెఱిగిన అత్తగారు. అది రేషను కార్డు కొఱకు తీయించినదానిని పెద్దది చేయించిన పటము. అందామె పెదవులు బిగించి, ఎవరిమీదనో కోపగించినట్లుందురు.

గడియారములో వేయునట్టి సెల్లులు రెండు వేయగానే కెమేరా మేలుకొన్నది. పండ్రెండేండ్ల మా అబ్బాయి సంతోషమునకు మేర లేదు. పటము తీయబోగా కార్డు నిండినదని తెరమీద కనబడెను. వాడు తండ్రిని వేధించి బజారునుండి 64 గిగాబైట్ల క్రొత్త కార్డు తెప్పించెను. ప్రాతదానిని తీసి క్రొత్తదానిని పెట్టిరి. పొడవు సరిపోయినది, వెడల్పు సరిపోయినది, టిక్కుమని తన చోట కూర్చున్నది. కాని కెమేరా మాత్రము కార్డులో దోషమున్నదని చెప్పి ఊరకుండెను. ఎన్నిమారులు తీసి పెట్టినను అదియే మాట.

అంగడివాని నడుగగా "కెమేరాలోనే ఫార్మాట్ చేయండి, అదే పనిచేస్తుంది" అనెనట. ఫార్మాట్ అనగా వ్రాసిన పలకను కడిగి మరల గీతలు గీయుట వంటిది. అందున్నది కనబడకుండ పోవును. క్రొత్త కార్డు పెట్టియుండగా కెమేరా ఆ పనికి ఒప్పుకొనలేదు. అబ్బాయి విసిగి ప్రాత కార్డును మరల పెట్టెను. ఇప్పుడు ఫార్మాట్ అను మాట తెరమీదికి వచ్చినది. మీటమీద వ్రేలుంచి, "అమ్మా, దీన్ని తుడిచేస్తే కెమేరా బాగవుతుందేమో, నొక్కేదా?" అని వంటయింటిలోనికి కేకవేసెను.

మేము పోపు వేయుచుంటిమి. ఏమి తోచెనో గాని, బాణలి దింపి వచ్చి, లోపల నేమున్నవో ముందు చూపుమంటిమి. 140 పటము లున్నవి. ఒక మామిడితోట, ఎవరిదో గృహప్రవేశము, బావగారి పెద్దమ్మాయి ఊయల. వాని నడుమ డాబామీద ఒకామె. కొంగు నడుమున దోపి, గుడ్డమీద గుమ్మడి వడియములు పెట్టుచు, ఎండకు చేయి అడ్డము పెట్టుకొని, పటము తీయువారిని కసరబోయి నవ్వివేసినది. ముందటి పండ్లలో ఒకటి లేదు. మామగారిని పిలిచి చూపితిమి. ఆయన కండ్లద్దములు తుడుచుకొని చాలసేపు చూచి, "కాకులను తోలమంటే కెమేరా పట్టుకు కూర్చున్నానని ఆ వేళ నన్ను తిట్టిందమ్మా" అనిరి.

ఆ మీట నొక్కియుండినచో ఆ నవ్వు మాకు దక్కకపోయెడిది. తప్పు పిల్లవానిది కాదు. ఆకారము సరిపోయినచో పనియు సరిపోవునని మనమందఱము నమ్ముదుము. ఆ నమ్మకమే ఇందలి మొదటి పొరపాటు. మా మాష్టారును మేమును నాలుగు రాత్రులు కూర్చుండి చదివి తెలిసికొన్న సంగతులను ఇక్కడ తేటపఱచుచున్నాము.

విద్యుత్తు ఆపివేసినను వ్రాత చెరగని ఫ్లాష్ మెమొరీ యను దానిని జపాను దేశమున తోషిబా సంస్థలో పనిచేసిన ఫుజియో మసువోకా యను శాస్త్రజ్ఞుడు కనిపెట్టి 1984లో లోకమునకు ప్రకటించెను. దానితో పలువిధములైన కార్డులు పుట్టినవి. నేడు మన యిండ్లలో విశేషముగ కనబడునది ఎస్.డి. కార్డు. దీనిని పానసోనిక్, తోషిబా, శాన్‌డిస్క్ అను మూడు సంస్థలు కలిసి 1999లో ప్రకటించినవి. పొడవు 32 మిల్లీమీటర్లు, వెడల్పు 24, మందము 2.1. ఈ కొలత నాటినుండి నేటివరకు మాఱలేదు. మాఱినది లోపలి భాష. ఒకే చీర కట్టిన నలుగు రక్కచెల్లెండ్రవలె ఇందు నాలుగు తరములున్నవి.

మొదటిది వట్టి ఎస్.డి. ఇది 2 గిగాబైట్ల వఱకు మాత్రమే. రెండవది 2006లో వచ్చిన ఎస్.డి.హెచ్.సి. ఇది 2 గిగాబైట్లకు మించి 32 వఱకు. మూడవది 2009లో వచ్చిన ఎస్.డి.ఎక్స్.సి. ఇది 32కు మించి 2 టెరాబైట్ల వఱకు. నాలుగవది 2018లో ప్రకటింపబడిన ఎస్.డి.యు.సి. ఇది 128 టెరాబైట్ల వఱకు. వేయి మెగాబైట్లు ఒక గిగాబైటు. వేయి గిగాబైట్లు ఒక టెరాబైటు. కార్డు ఏ తరముదో దాని మొగముమీదనే చిన్న యక్షరములతో అచ్చువేయబడి యుండును. మన కెమేరా 2005 నాటిది. రెండవ తరము పుట్టకమునుపే అది పుట్టినది. మేము తెచ్చిన 64 గిగాబైట్ల కార్డు మూడవ తరముది. మునిమనుమరాలి మాట ముత్తవ్వకు తెలియకపోవుటలో వింత యేమున్నది?

తరము మాఱినంతనే భాష యేల మాఱవలెనని సోదరీమణులు అడుగవచ్చును. కార్డు లోపల కోట్లకొలది చిన్న గదులున్నవి. ఒక్కొక్క గదిని బైటు అందురు. ఫలానా సంఖ్యగల గదిలోనిది తెమ్మని కెమేరా కార్డు నడుగును. మొదటి తరములో ప్రతి గదికిని ఒక సంఖ్య యుండెడిది. ఆ సంఖ్యను వ్రాయుటకు 32 స్థానములే కలవు. ఒక్కొక్క స్థానమున సున్నయో ఒకటియో యుండును. ఆ విధముగ 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 సంఖ్యలకు మించి పుట్టవు. అనగా ఇంచుమించు 4 గిగాబైట్లతో లెక్క ముగియును. పైగా ఏ పట మెచ్చట నున్నదో వ్రాసికొను ఆనాటి పద్దుపుస్తకము, ఫ్యాట్ 16 అనునది, 2 గిగాబైట్లకే నిండిపోవును.

రెండవ తరమువారు ఉపాయము పన్నిరి. గదులను 512 చొప్పున కట్టలు కట్టి, కట్టకొక సంఖ్య వేసిరి. ధాన్యమును గింజలతో లెక్కించుట మాని కుంచములతో కొలిచిన ట్లయినది. అదే 32 స్థానముల సంఖ్యతో ఇప్పుడు 2 టెరాబైట్లను లెక్కింపవచ్చును. కాని గింజలు లెక్కించుటయే నేర్చిన కెమేరా నూఱవ గింజ నడిగినచో, కుంచముల కార్డు నూఱవ కుంచమును తెచ్చి యిచ్చును. లెక్క యంతయు తాఱుమాఱగును. అట్లు కాకుండుటకై కార్డు మొదటి పలుకరింపులోనే ఈ కెమేరాకు క్రొత్త లెక్క తెలియునా యని విచారించుకొనును. తెలియనిచో పని మొదలుపెట్టదు. మా కెమేరా తెరమీద కనబడిన "దోషము" ఇదియే. కార్డును చెడలేదు, కెమేరాయు చెడలేదు.

మూడవ తరమునందు లెక్క రెండవ తరముదే. మాఱినది పద్దుపుస్తకము. రెండవ తరముది ఫ్యాట్ 32, మూడవ తరముది ఎక్స్‌ఫ్యాట్. కావున 2007 మొదలు 2009 వఱకు కొన్న కెమేరాలో 64 గిగాబైట్ల కార్డు పెట్టినచో, పలుకరింపు జరుగును గాని పద్దు చదువరాదు. అప్పుడు కెమేరా ఈ కార్డును ఫార్మాట్ చేయవలయునా యని యడుగును. కార్డు క్రొత్తదై వట్టిదైనచో ఫ్యాట్ 32 పద్ధతిని ఫార్మాట్ చేసి వాడుకొన్నవారు కలరు. కాని పనిచేయునని ఎవరును పూచీ పడరు. అట్టి కెమేరాకు 32 గిగాబైట్లు గాని అంతకు తక్కువ గాని గల కార్డు కొనుటయే క్షేమము.

ఇక గుర్తుంచుకొనవలసిన సూత్రమొక్కటి. క్రొత్త యంత్రము ప్రాత కార్డును చదువగలదు. ప్రాత యంత్రము క్రొత్త కార్డును చదువలేదు. కోడలు అత్తవారింటి మాట నేర్చుకొనునుగాని అత్తవారు కోడలి పుట్టింటి మాట నేర్వరు గదా! అట్లే ఇదియు. ఈ సూత్రము కెమేరాలకే గాక కంప్యూటరునకు తగిలించు కార్డు రీడర్లకును, పటములు చూపు ఫ్రేములకును వర్తించును. ప్రాత రీడరులో క్రొత్త కార్డు పెట్టినపుడు కంప్యూటరు "ఫార్మాట్ చేయవలెనా?" యని యడుగుట కలదు. అందు మీ పటములున్నను అట్లే యడుగును. దానికి అవి కనబడకుండుటయే కారణము. అప్పుడు వలదని చెప్పి, కార్డు తీసి, క్రొత్త రీడరులో పెట్టి చూడుడు. ఆ ప్రశ్నకు తొందరపడి ఔనని చెప్పినందుననే పెక్కు ఇండ్ల పటములు మాయమగుచున్నవి.

మేము మొదట చేసిన పని చెప్పెదము. ఎస్.డి. కార్డు ఎడమ ప్రక్కన గోటితో జరుపదగిన చిన్న మీట యొకటి కలదు. దానిని క్రిందికి జరిపినచో కార్డునకు గొళ్ళెము పడినట్లే. పటములు చూడవచ్చును గాని, క్రొత్తవి వ్రాయుటకును ఉన్నవి తుడుచుటకును కెమేరా ఒప్పుకొనదు. పిల్లల చేతికి ప్రాత కార్డు ఇచ్చునపుడు ఈ గొళ్ళెము వేసి యిండు. ఒక్కొక్కప్పుడు మంచి కార్డే వ్రాయుటలేదని విసుగుకొందుము. ఆ మీట పొరపాటున జరిగియుండుటయే కారణము కావచ్చును. గొళ్ళెము వేసిన పిమ్మట క్రొత్త రీడరుతో కార్డును కంప్యూటరునకు తగిలించితిమి. డి.సి.ఐ.ఎమ్. అను పేరుగల అరలో పటములన్నియు నున్నవి. డిజిటల్ కెమేరాలు అన్నియు అట్టి అరలోనే పటము లుంచవలెనని 1998లో జపానున కట్టడి చేసికొన్నారు. అందుచేత ఏ సంస్థ కెమేరాయైనను పటముల కొఱకు వెదకవలసిన చోటు అదియే. 140 పటములను కంప్యూటరులో ఒక ప్రతియు, మా బావగారి యింట నుంచుటకు ఇంకొక ప్రతియు చేసితిమి.

పిమ్మట మా కెమేరాకు తగిన కార్డు కొఱకు వెదకితిమి. 2 గిగాబైట్లకు మించనివి ఇప్పుడు దుకాణములలో అరుదు. బెజవాడ వెళ్ళి రావలెనని మా మాష్టారు అనుచుండగా, పొరుగింటి పిన్నిగారి సొరుగులో మూలబడిన ప్రాత మొబైల్ ఫోను ఒకటి బయటపడినది. అందు 2 గిగాబైట్ల మైక్రో ఎస్.డి. కార్డు కలదు. ఇది 15 మిల్లీమీటర్ల పొడవు, 11 మిల్లీమీటర్ల వెడల్పు గల చిన్న చెల్లెలు. దీనిని పెద్ద కార్డు ఆకారముగల తొడుగులో నుంచి కెమేరాలో పెట్టవచ్చును. ముందు అందలి పిన్నిగారి పటములను ఆమెకు కంప్యూటరులో దించి యిచ్చి, ఆమె అనుమతితో కార్డును కెమేరాలోనే ఫార్మాట్ చేసి పెట్టితిమి. కెమేరా నోరుమెదపక పుచ్చుకొన్నది. కాని ఒక హెచ్చరిక. తొడుగు ఆకారమును మార్చునే గాని తరమును మార్చదు. 64 గిగాబైట్ల మైక్రో కార్డునకు తొడుగు వేసినంత మాత్రమున అది మొదటి తరముది కాజాలదు.

మీ కెమేరాలో ఎస్.డి. కాక వేఱు విధమైన కార్డు ఉండవచ్చును. 1994లో వచ్చిన కాంపాక్ట్‌ఫ్లాష్ మందముగ నుండును; దీనికి 50 సూదిరంధ్రములు. 1995 నాటి స్మార్ట్ మీడియా పలుచని రేకువలె నుండి 128 మెగాబైట్లతో ఆగిపోయినది. 1998లో సోనీ సంస్థ తెచ్చిన మెమొరీ స్టిక్ బిళ్లగోరువలె కోలగా నుండును. 2002లో ఒలింపస్, ఫ్యూజీఫిల్మ్ సంస్థలు తెచ్చిన ఎక్స్.డి. కార్డు 2 గిగాబైట్లను దాటలేదు. ఈ సంస్థలన్నియు కాలక్రమమున ఎస్.డి. త్రోవకే వచ్చినవి. ఈ కార్డులు చదువు రీడర్లు నానాటికి తఱుగుచున్నవి. అట్టి కార్డులు ఇంట నున్నవారు రేపుమాపనక, అవి చదువు రీడరు దొరకునపుడే పటములు దించుకొనవలయును.

కొనునపుడు చూడవలసిన వానిని కొన్నింటిని చెప్పి ముగించెదము. కెమేరాలో కార్డు దూర్చు మూతవద్ద ఎస్.డి. గుఱుతు క్రింద హెచ్.సి. అనియో ఎక్స్.సి. అనియో యున్నదేమో చూడుడు. ఏదియు లేనిచో మొదటి తరముదని యెంచుడు. కొన్ని కెమేరాలకు తయారుచేసినవారు తరువాత ఫర్మ్‌వేర్ అను క్రొత్త పాఠము నేర్పి రెండవ తరమును చదువునట్లు చేసిరి. కెమేరాతో వచ్చిన పుస్తకమును, వారి ప్రకటనలను చూచుకొనుడు. కార్డుమీద వలయములో నుండు 4, 6, 10 అను అంకెలు వేగమును తెలుపును. సెకండునకు కనీసము అన్ని మెగాబైట్లు వ్రాయునని అర్థము. వేగము ఎక్కువైన దోషము లేదు; తరము ఎక్కువైననే చిక్కు. మితిమీఱిన చౌకకు మితిమీఱిన గిగాబైట్లు ఇచ్చువానిని నమ్మకుడు. మీద 512 అని వ్రాసి లోన 8 మాత్రమే యుండు దొంగ కార్డులు కలవు. అవి నిండిన పిమ్మట తీసిన పటములు చేజిక్కవు. కెమేరా ఆర్పకుండ కార్డును ఊడదీయకుడు. పొరపాటున ఫార్మాట్ చేసినచో, ఆ కార్డుతో మఱి యొక్క పటమైనను తీయక తెలిసినవారి కప్పగించుడు. ఫార్మాట్ తఱచుగా పద్దుపుస్తకమును మాత్రమే చింపును గనుక, పైన క్రొత్తవి వ్రాయనంతవఱకు ప్రాత పటములు తిరిగి దొరకుట కలదు.

కార్డు శాశ్వతమని నమ్మరాదు. అందలి వ్రాత చిక్కబట్టిన విద్యుత్కణములతో నుండును. ఏండ్ల తరబడి పెట్టెలో మూలబడినచో అవి మెల్లమెల్లగ జారిపోవచ్చును. మన పెద్దలు తాటాకులు పురుగుపట్టకముందే ప్రతులు వ్రాయించుకొనెడివారు. బ్రౌను దొర (1798–1884) కడపలో పండితులచేత ప్రతులు వ్రాయింపకున్నచో మన కావ్యములు ఎన్ని నిలిచియుండెడివో! శకుంతల జార్చుకొన్న ఉంగరమును చేప తిరిగి తెచ్చినది. మన యింటి కార్డును తెచ్చు చేప యెచ్చట నున్నది? కావున ఈ మాసమున ఒక మధ్యాహ్నము తీరిక చేసికొని, బీరువా అడుగున, అటకమీద, ప్రాత హ్యాండుబ్యాగులలో వెదకుడు. దొరకిన ప్రతి కార్డునకును గొళ్ళెము వేసి, రెండు ప్రతులు చేసి, రెండిండ్లలో నుంచుడు. ఆ తరువాతనే దానిని తుడిచి వాడుకొనుట.

మా అబ్బాయి ఆ ప్రాత కెమేరాతో కనుమనాడు తాతగారిని పట్టి తీసినాడు. అత్తగారి పటమును అచ్చువేయించి చట్రము కట్టించితిమి. దండ వేసిన పటమును తీసివేయుదమా యని మామగారి నడుగగా, "రెండూ ఉండనీ అమ్మా, ఆమె కోపమూ నాకు కావాలి" అనిరి. ఇప్పుడు మా గోడమీద అత్తగా రిద్దఱున్నారు.